ఆషాఢంలో విడిది

ఆ ఏడు మా ఊరికి వచ్చిన కలరా మామూలు కలరా కాదని అచ్యుతరామారావు గారు కాస్త గర్వంగానే చెప్పేవారు. "ఇది ఇండోనేషియాలో పుట్టిందండీ. పదేళ్ళ పైగా ప్రపంచమంతా తిరుగుతోంది. ఇప్పుడు మన బెజవాడ కూడా ఆ మ్యాపులో ఉంది" అనేవారు. వినేవాళ్ళకు ఏదో పెద్ద ఎక్స్‌ప్రెస్సు కొత్తగా మన స్టేషన్లో ఆగడం మొదలుపెట్టినట్టు అనిపించేది.

ఆయన కలరా నివారణకు పైనుంచి వచ్చిన ప్రత్యేకాధికారి. మంచి మనిషి. ఎవరి మీదా కేకలు వేయగా నేను చూడలేదు. అంతకుముందు సంవత్సరమే హైదరాబాదులో నాయకత్వం మీద ఏదో శిక్షణ పొంది వచ్చారు. ఆ శిక్షణలో ఆయనకు బాగా పట్టుబడిన సంగతి ఒకటే. పనిచేసేవాళ్ళ మనసు ఉత్సాహంగా ఉంటే పని దానంతటదే జరిగిపోతుంది. అందువల్ల ఊళ్ళో బ్లీచింగ్ పౌడర్ కన్నా ముందు 'మనోధైర్య సంఘం' వచ్చింది. కలరా షెడ్లలో పనిచేసే నర్సులకు ధైర్యం చెప్పడం ఆ సంఘం పని. దానికి కార్యదర్శిని నేను.

నన్నెందుకు వేశారంటే, నేను కాలేజీలో తెలుగు లెక్చరర్ని. ఊళ్ళో ఎవరు రిటైరైనా, ఎవరికి బదిలీ అయినా సన్మానపత్రం నా చేతే రాయిస్తారు. కలరా మూలంగా కాలేజీకి సెలవులిచ్చారు. మా ఆవిడ పోయిన తరవాత నేను అద్దె ఇల్లు ఖాళీ చేసి, గవర్నర్‌పేటలో ఒక లాడ్జీ గదిలో ఉంటున్నాను. సాయంత్రం వేళ నాకు పనేమీ ఉండదని, ఉన్నా కాదనడం చేతకాదని అందరికీ తెలుసు.

కలరా షెడ్లు ఊరి చివర, కాలువ పక్కన ఉండేవి. రేకుల కప్పు, తడికల గోడలు. వాన పడితే లోపల మాట్లాడేది వినపడదు. సంఘం ఏర్పడిన మర్నాడు అచ్యుతరామారావు గారు నన్ను జీపులో ఎక్కించుకుని అక్కడికి తీసుకెళ్ళారు. జీపు గేటు బయటే ఆగింది. ఆయన సెంటు చల్లిన రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో మైకు పట్టుకుని, జీపులోనే లేచి నిలబడ్డారు.

"సోదరీమణులారా! మీరు ఒంటరివాళ్ళు కారు. మీ వెనక నేనున్నాను!"

షెడ్లలోంచి ఎవరూ బయటికి రాలేదు. గేటు దగ్గర ఏసుపాదం ఒక్కడే ఉన్నాడు. రోగులను స్ట్రెచర్ మీద మోసేది, షెడ్లు కడిగేది అతనే. బకెట్టు కింద పెట్టి మొత్తం ప్రసంగం విన్నాడు. జీపు తిరిగి స్టార్టవుతుంటే నాతో మెల్లిగా అన్నాడు.

"నిజవేనండీ, ఎనకే ఉన్నారు. బండి రివర్సులో పెట్టుకుని మరీ ఉన్నారు."

నేను దిగిపోయాను. సంఘం కార్యదర్శిని కదా, ధైర్యం ఎంతవరకు చేరిందో చూసి వస్తానన్నాను. అచ్యుతరామారావు గారు చాలా సంతోషించారు. "వెళ్ళండి, వెళ్ళండి. రేపొద్దున నాకు రిపోర్టు ఇవ్వండి. అయితే సాయంత్రం మాత్రం నా దగ్గరికి రాకండి" అన్నారు.

లోపల పెద్ద సిస్టర్ శౌరమ్మ గారు ఎదురొచ్చారు. యాభై దాటిన మనిషి. చాలా కాలంగా ఎవరో తరుముతున్నట్టు నడుస్తారు, కానీ మాట మాత్రం నిదానం.

"ఎవరు కావాలండీ?"

"మీ మనోధైర్యం ఎలా ఉందో కనుక్కుందామనండీ."

ఆవిడ నన్ను కిందనుంచి పైదాకా చూశారు. "చెప్పులు అక్కడ వదిలి, ఆ తొట్టిలో కాళ్ళు ముంచి రండి. చూపిస్తాను" అన్నారు.

షెడ్ల వెనక మందుల గది ఉంది. దాని వసారాలో, సెలైన్ సీసాలు వచ్చిన అట్టపెట్టెలు విప్పి నేల మీద పరిచి ఉన్నాయి. వాటి మీద రాత్రి డ్యూటీ చేసిన నర్సులు పడుకుని ఉన్నారు. వాన జల్లు కొడుతోంది. జల్లు వైపు ఉన్న అమ్మాయి పడుకోలేదు, గోడకు ఆనుకుని కూర్చుంది. కాసేపయ్యాక పక్కనున్న అమ్మాయి లేచి చోటు మార్చుకుంది. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. వంతులు ముందే అలవాటైపోయాయి.

"వీళ్ళకు ఇళ్ళు లేవాండీ?" అన్నాను.

"ఉన్నాయి. అద్దె గదులు. కలరా డ్యూటీ పడిందని తెలియగానే సామాన్లు వీధిలో పెట్టేశారు. ఇంజక్షన్ పొడిపించుకోవడానికి మాత్రం ఇంటిల్లిపాదీ వచ్చి నిలబడతారండీ. పొడిచే పిల్లకు గది ఇవ్వమంటే, పసిపిల్లలున్న ఇల్లమ్మా అంటారు. లాడ్జీలో అడిగాం. యూనిఫాం చూసి, ఖాళీ లేదన్నారు."

ఆ లాడ్జీ ఏదని నేను అడగలేదు. మా లాడ్జీలో అప్పుడు సగం గదులు ఖాళీ.

"నాకు ధైర్యం ఉందండీ" అన్నారు శౌరమ్మ గారు. "పిల్లలకూ ఉంది. లేనిదల్లా నిద్ర. అమలమ్మ నిన్న నిలబడే నిద్రపోయి, రోగికి పెట్టే సూది తన వేల్లో గుచ్చుకుంది. దాని వేలు కాబట్టి సరిపోయింది. రేపు ఒక సీసా బదులు ఇంకో సీసా ఎక్కిస్తే? ఆ పోయిన మనిషి ఎవరి లెక్కలోకి వస్తాడండీ?" గొంతు తగ్గించారు. "జీవరత్నం పెట్టె సర్దుకుంది. కైకలూరు వెళ్ళిపోతానంటోంది. ఆదివారం దాకా ఆగమ్మా అన్నాను. అది పోతే తక్కినవాళ్ళు ఆగరు. ఆగమని నేను ఏ మొహంతో చెప్పను? ఒక కప్పున్న చోటు, తలుపుకు గడియ ఉన్న చోటు చూపించండి మాస్టారూ. చాలు."

మర్నాడు పొద్దున ఇదంతా అచ్యుతరామారావు గారికి చెప్పాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. వినడం కూడా శిక్షణలో ఒక భాగమట.

"షెడ్ల పక్కనే బడి ఉందండీ. పిల్లలు రావడం లేదు. తాళం వేసి ఉంది" అన్నాను.

"బడి విద్యాశాఖది మాస్టారూ. నర్సులు వైద్యశాఖవాళ్ళు. నాకు ఇచ్చింది కలరా ఒక్కటే" అన్నారు ఆయన విచారంగా. తరవాత ఆయన ముఖం విప్పారింది. "చూడండి. నిద్ర కావాలనిపించడం అలసటకు గుర్తు. అలసట ఉత్సాహం లేకపోవడానికి గుర్తు. ఉత్సాహం ఎలా వస్తుంది? మెచ్చుకుంటే వస్తుంది. కాబట్టి రాత్రి డ్యూటీ నర్సులకు ఘనంగా సన్మానం చేద్దాం. వైద్యశాఖ డైరెక్టర్ గారిని హైదరాబాదు నుంచి పిలుద్దాం. ఆదివారం!"

సంఘం సమావేశం జానకిరామయ్య గారి బట్టల కొట్లో జరిగింది. ఆయన టోకు వ్యాపారి. గవర్నర్‌పేటలో ఆయన కొట్టుకు ఎదురుగానే, ఆయన భార్య పేరుతో 'శ్రీ త్రిపురసుందరి కల్యాణమండపం' ఉంది. తెల్లటి పరుపుల మీద బాలీసులకు ఆనుకుని కూర్చున్నాం. నాతోపాటు సంజీవరావు గారని ఒక రిటైర్డు తాసిల్దారు కూడా సభ్యుడు. ఆయనకు ప్రతి పనిలోనూ జరగబోయే చిక్కు ముందే కనపడుతుంది.

"మండపం నాది. కిరాయి పైసా వద్దు" అన్నారు జానకిరామయ్య గారు.

అందరం చప్పట్లు కొట్టాం. ఆషాఢ మాసం. ఆ నెలంతా ముహూర్తాల్లేవు. మండపంలో పావురాలు తప్ప ఎవరూ లేరు.

"దండలు ఎవరు వేస్తారు?" అన్నారు సంజీవరావు గారు.

"డైరెక్టర్ గారు."

"మెడలో వేయాలంటే దగ్గరికి వెళ్ళాలి కదండీ?"

గుమస్తా కూడా మీటరు బద్ద కింద పెట్టేశాడు.

"ఎవరి దండ వాళ్ళే వేసుకుంటేనో?" అన్నారు జానకిరామయ్య గారు.

"అది సన్మానం అవదండీ. అలంకరణ అవుతుంది" అన్నారు అచ్యుతరామారావు గారు.

"ఊరేగింపులో ఏనుగుకు వెదురు గెడతో వేస్తారు చూడండి, అలా..." అని సంజీవరావు గారు చేత్తో చూపించారు. చాలాసేపు చర్చ జరిగింది. చివరికి దండలు పళ్ళేల్లో పెట్టి, పళ్ళేలు స్టూళ్ళ మీద పెట్టి, డైరెక్టర్ గారు దూరం నుంచి చేతులు జోడించేటట్టు తీర్మానం అయింది. శాలువాలు కుర్చీల వీపుకు ముందే వేసి ఉంచాలి. ఫ్యాన్ల సంగతి కూడా సంజీవరావు గారే తేల్చారు. గాలి డైరెక్టర్ గారి వైపు నుంచి నర్సుల వైపు వీచాలి గాని, నర్సుల వైపు నుంచి డైరెక్టర్ గారి వైపు వీచరాదు.

"రాత్రి డ్యూటీ చేసినవాళ్ళు పగలు పడుకోవాలి కదండీ?" అన్నాను నేను.

"అందుకే పగలు ఖాళీగా ఉంటారు" అన్నారు అచ్యుతరామారావు గారు.

నేను ఇంకొక్క మాట అన్నాను. "మండపం ఎలాగూ ఖాళీయే కదండీ. ఆ విడిది గదుల్లో వాళ్ళను నాలుగు రోజులు పడుకోనిస్తే..."

జానకిరామయ్య గారు నవ్వారు. కోపం వస్తే ఆయన అలాగే నవ్వుతారు. "మాస్టారూ, అవి మగపెళ్ళివారు పడుకునే పరుపులండీ. శ్రావణంలో వియ్యంకులొచ్చి, ఇంతకుముందు దీని మీద ఎవరు పడుకున్నారయ్యా అంటే ఏం చెప్పమంటారు? మీరు సన్మానపత్రం బాగా రాయండి. అది మీ శాఖ."

రాశాను. 'కరుణామయీ', 'సేవాపరాయణా' లాంటి మాటలు వేశాను. రాస్తున్నంతసేపూ ఆ అట్టపెట్టెలే కళ్ళలో మెదిలాయి. మళ్ళీ చదువుకుంటే ఒక్క ముక్కలోనూ ఆ అట్టపెట్టెలు లేవు. సన్మానపత్రంలో అట్టపెట్టెలకు చోటు ఎక్కడ దొరుకుతుంది?

ఆదివారం వచ్చింది. సభ సాయంత్రం నాలుగింటికి. సన్మానం అందుకునేవాళ్ళు ముఖ్య అతిథి కన్నా ముందే వచ్చి సిద్ధంగా ఉండాలని సంజీవరావు గారు వాళ్ళను పొద్దున పదకొండింటికే రప్పించారు. తెల్లవారేదాకా డ్యూటీ చేసి, స్నానాలు చేసి, గంజి పెట్టిన యూనిఫాంలు కట్టుకుని, బ్లీచింగ్ పౌడర్ మోసే వ్యానులో వచ్చారు. వ్యాను తోలింది ఏసుపాదమే. జీవరత్నం తన రేకుపెట్టె కూడా తెచ్చుకుంది. సభ అయ్యాక అటునుంచి అటే బస్టాండుకు పోతుందట.

హాల్లో కూర్చోబోతుంటే సంజీవరావు గారు పరుగెత్తుకొచ్చారు. "ఇక్కడ వద్దమ్మా, ఇక్కడ జనం కూర్చుంటారు. కలవకూడదు. మీరు పైన ఉండండి. డైరెక్టర్ గారు రాగానే పిలుస్తాం." మెట్లెక్కితే పైన ఉండేది విడిది ఒక్కటే. కల్యాణమండపంలో మనుషుల్ని దూరంగా పెట్టాలంటే ఇంకో చోటు లేదు. ఆ సంగతి సంఘంలో ఎవరికీ ముందు తోచలేదు.

విడిది తలుపు నేనే తీశాను. పెద్ద గది. గోడ వారగా చుట్టిన పరుపులు, వాటి మీద తెల్లటి గలేబుల దిండ్లు, పైన ఫ్యాను, అవతల స్నానాల గది. ఆ అమ్మాయిలు గుమ్మం దగ్గరే ఆగిపోయారు. ఎవరూ పరుపుల వైపు చూడనట్టే చూస్తున్నారు.

"డైరెక్టర్ గారు ఎప్పుడొస్తారండీ?" అన్నారు శౌరమ్మ గారు.

"నాలుగన్నారు. దారంతా వాన. ఇంకా ఆలస్యం కావచ్చు."

"అయితే కాసేపు నడుం వాలుస్తాం."

"అలాగేనండీ."

తలుపు మూసుకుంది. లోపల గడియ పడిన చప్పుడు వినిపించింది. నేను కిందికి వచ్చి ఫ్యాన్లు ఎటు తిప్పారో చూశాను.

డైరెక్టర్ గారు అయిదింటికి వచ్చారు. కాచిన నీళ్ళ ఫ్లాస్కు ఆయన చంకలోనే ఉంది. ఆయన వేదికెక్కి, కొబ్బరిబొండాం వద్దని, కాఫీ వద్దని, కుర్చీ తుడిపించుకుని కూర్చున్నారు. ఎదురుగా శాలువాలు వేసిన కుర్చీలు, స్టూళ్ళ మీద పళ్ళేలు, పళ్ళేల్లో దండలు. నర్సులు లేరు.

"పిలవండి" అన్నారు అచ్యుతరామారావు గారు సంజీవరావు గారితో.

సంజీవరావు గారు మెట్ల దాకా వెళ్ళి వెనక్కి వచ్చారు. "తలుపేసి ఉందండీ. తలుపు కొట్టాలంటే తలుపు ముట్టుకోవాలి కదా."

"జానకిరామయ్య గారూ, మండపం మీది..."

"మండపం నాదేనండీ. కలరా మీది" అన్నారు జానకిరామయ్య గారు.

అందరూ నా వైపు చూశారు. వెళ్ళాను.

కిటికీ రెక్క ఓరగా తీసి ఉంది. లోపల ఫ్యాను తిరుగుతోంది. అమలమ్మ బోర్లా పడుకుంది. కట్టు కట్టిన వేలు పరుపు అంచు దాటి బయట వేలాడుతోంది. జీవరత్నం దిండు పక్కనే ఉన్నా తన రేకుపెట్టె మీదే తల పెట్టింది. ఎవరో ఆమె తల కింద మడత పెట్టిన తువ్వాలు వేసి ఉంచారు. శౌరమ్మ గారు తలుపుకు అడ్డంగా పడుకున్నారు. ఎవరైనా లోపలికి రావాలంటే ముందు ఆవిడను దాటాలి.

మా ఆవిడ ఆస్పత్రిలో ఉన్న చివరి రోజుల్లో, ఆమెకు కాస్త కునుకు పట్టి ఉంటే, రౌండ్సుకు వచ్చిన నర్సు ఆ మంచం దగ్గర ఆగకుండా వెళ్ళిపోయేది. తరవాత మళ్ళీ ఒక్కతే వచ్చి చూసుకునేది. ఆ అమ్మాయి పేరు కూడా నేను అడగలేదు.

కిందికి దిగాను. "నిద్రపోతున్నారండీ."

"లేపండి."

"నా వల్ల కాదండీ."

"మీరు కార్యదర్శి!"

"మీరు నాయకులు. మీరు పిలిస్తే లేస్తారేమో."

డైరెక్టర్ గారు గడియారం చూసుకున్నారు. అచ్యుతరామారావు గారికి చెమటలు పట్టాయి. మూడో మెట్టు దాకా ఎక్కి, అక్కడ ఆగి, మైకు తెమ్మన్నారు. తీగ అంతదాకా లాగారు. మెట్ల కింద బీడీ కాలుస్తున్న ఏసుపాదం లేచి నిలబడ్డాడు.

"లెగవరండీ. మొన్న వరద సైరన్‌కే లెగవలేదు" అన్నాడు.

"నువ్వు ఊరుకో!" అని ఆయన మైకులో గొంతు సవరించుకున్నారు. హాలంతా ఖంగుమంది.

అప్పుడే త్రిపురసుందరి గారు లోపలికి వచ్చారు. జానకిరామయ్య గారి భార్య. నర్సులకు పన్నీరు చల్లి గంధం ఇవ్వడానికి ఆవిడను పిలిచారు. దగ్గరికి వెళ్ళక్కర్లేకుండా పన్నీరుబుడ్డి పొడుగుమూతిది ఇచ్చారు. ఆవిడ హాలంతా ఒకసారి చూశారు.

"ఎవరిని పిలుస్తున్నారు బాబూ అంత గట్టిగా?"

"నర్సులమ్మా. విడిదిలో నిద్రపోయారు" అన్నారు అచ్యుతరామారావు గారు.

"విడిదిలోనా?" ఆవిడ పన్నీరుబుడ్డి సంజీవరావు గారి చేతిలో పెట్టి చకచకా మెట్లెక్కారు. "ఇదిగో, నువ్వు పైకి వెళ్ళకు!" అని జానకిరామయ్య గారు కింద నుంచి అంటూనే ఉన్నారు. ఆవిడ కిటికీ దగ్గర చాలాసేపు నిలబడి దిగి వచ్చారు.

"ఆ మైకు ఇలా ఇవ్వండి."

ఆవిడే పిలుస్తారనుకుని అచ్యుతరామారావు గారు ఇచ్చేశారు. ఆవిడ దాన్ని మైకుసెట్టు అబ్బాయి చేతికిచ్చి, "ఆపెయ్ నాయనా" అన్నారు.

"అమ్మా, సభ..." అన్నారు అచ్యుతరామారావు గారు.

"చేసుకోండి, ఎవరు కాదన్నారు? విడిదిలో దిగినవాళ్ళను లేపి కిందికి తోలే అలవాటు మాత్రం మా ఇంటా వంటా లేదు. మగపెళ్ళివారు పొద్దెక్కేదాకా పడుకున్నా కాఫీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాం గాని, తలుపు కొట్టలేదు. నా పేరు పెట్టిన మండపంలో నేనుండగా ఆ పని జరగదు."

"వాళ్ళు పెళ్ళివారా ఏమిటే?" అన్నారు జానకిరామయ్య గారు.

"ఆ పెళ్ళివారిలో ఒక్కడన్నా ఎవరికన్నా మంచినీళ్ళు అందించాడటండీ?"

కుర్చీలు సిద్ధంగా ఉన్నాయి, శాలువాలు ఉన్నాయి, డైరెక్టర్ గారు ఉన్నారు. ఒక్క నర్సుల కోసం సభ ఆపడం బాగుండదని సంజీవరావు గారు అభిప్రాయపడ్డారు. నిజానికి అందరి ముఖాల్లోనూ కాస్త నెమ్మది కనపడింది. ఫ్యాన్లు కూడా మామూలుగా తిప్పుకోవచ్చు.

వేదిక మీదికి వెళుతుంటే త్రిపురసుందరి గారు నన్ను స్తంభం పక్కకు పిలిచారు.

"మాస్టారూ, వందన సమర్పణ మీదేనా?"

"నాదేనండీ."

"అయితే మా వారికి కూడా చెప్పండి. కలరా తగ్గేదాకా నర్సులకు విడిది ఇచ్చినందుకు."

"ఇచ్చారాండీ?"

"మీరు మైకులో చెప్పాక ఇచ్చినట్టే కదా. డైరెక్టరు గారి ముందు లేదంటారా?"

సభ మొదలైంది. ఖాళీ కుర్చీల ముందు నేను సన్మానపత్రం చదివాను. 'కరుణామయీ' అన్నప్పుడు ఒక శాలువా ఫ్యాను గాలికి జారి కింద పడింది. మైకుసెట్టు అబ్బాయి వచ్చి సరిచేసి వెళ్ళాడు. డైరెక్టర్ గారు దండల పళ్ళేలకు ఒక్కొక్కదానికీ చేతులు జోడించారు. ఫొటోగ్రాఫరు ఆయన్ను కుర్చీల పక్కన నిలబెట్టి ఫొటో తీశాడు. అంత దగ్గరగా నిలబడటానికి ఆయన ఏమాత్రం వెనకాడలేదు.

తరవాత ఆయన మాట్లాడారు. "నా ఉద్యోగంలో ఎన్నో సన్మానాలు చూశాను. దండ కోసం తోసుకొచ్చేవాళ్ళను చూశాను. కానీ సన్మానం కూడా వద్దని, కీర్తికి ఇంత దూరంగా ఉండిపోయిన వాళ్ళను ఇక్కడే చూస్తున్నాను. ఎంత వినయం! ఎంత త్యాగం! ఈ ఖాళీ కుర్చీలే మనందరికీ ఒక పాఠం!"

హాలు మారుమోగింది. అచ్యుతరామారావు గారు రుమాలుతో కళ్ళు ఒత్తుకున్నారు. తను నేర్పిన వినయమేనని అప్పటికే ఆయనకు నమ్మకం కుదిరినట్టుంది.

ఇక నా వంతు వచ్చింది. వందన సమర్పణ అంటే జనం చెప్పులు వెతుక్కునే సమయం. ఎవరూ వినరు. అందుకని కాస్త గట్టిగానే చదివాను.

"కలరా పూర్తిగా తగ్గేదాకా నర్సులందరూ విశ్రాంతి తీసుకోవడానికి తమ కల్యాణమండపంలోని విడిదిని, పరుపులతో, వేడినీళ్ళతో సహా ఉచితంగా ఇచ్చిన మహాదాత జానకిరామయ్య గారికీ, విశ్రాంతే ఉత్సాహానికి మూలమని గుర్తించి ఈ ఏర్పాటుకు నాయకత్వం వహించిన అచ్యుతరామారావు గారికీ..."

జానకిరామయ్య గారు కుర్చీలోంచి సగం లేచారు. అప్పటికే చప్పట్లు మొదలయ్యాయి. డైరెక్టర్ గారు వెళ్ళి ఆయన చేయి పట్టుకుని ఊపారు. ఆ రోజంతా ఆయన ముట్టుకున్న చేయి అదొక్కటే. సగం లేచిన జానకిరామయ్య గారు పూర్తిగా లేచి, సభకు నమస్కారం పెట్టి, కూర్చున్నారు. అచ్యుతరామారావు గారు ఒక్క క్షణం నా వైపు ఆశ్చర్యంగా చూసి, వెంటనే డైరీ తీసి ఏదో రాసుకున్నారు.

"మాస్టారూ, నేనెప్పుడిచ్చానండీ?" అన్నారు జానకిరామయ్య గారు, డైరెక్టర్ గారి కారు కదిలాక.

"మండపం నాది, కిరాయి పైసా వద్దు అన్నారు మీరే."

"సభకన్నాను! రేపు శ్రావణంలో ఆ పరుపులు..."

"శ్రావణం రానివ్వండి. గలేబులు ఉడకబెట్టిస్తాను. అప్పటికీ వద్దనే వియ్యంకుడుంటే నేల మీద పడుకుంటాడు" అన్నారు త్రిపురసుందరి గారు.

చీకటి పడే వేళకు పైన గడియ తీసిన చప్పుడైంది. శౌరమ్మ గారు కొంగు సర్దుకుంటూ గబగబా దిగి వచ్చారు. హాల్లో కుర్చీలు మడుస్తున్నారు.

"అయ్యో! సన్మానం అయిపోయిందా?"

"అయిపోయిందండీ. చాలా బాగా జరిగింది."

"మేం లేకుండానా?"

"మీరు లేరు కాబట్టే బాగా జరిగింది."

ఆవిడకు విషయమంతా చెప్పాను. నమ్మలేదు. త్రిపురసుందరి గారి వైపు చూశారు. ఆవిడ తల ఊపారు. శౌరమ్మ గారు వెనక్కి తిరిగి పైకి కేకేశారు. "లేవండమ్మా, డ్యూటీ టైమైంది!"

ఒక్కొక్కళ్ళే దిగారు. ముఖాల మీద పరుపు మడతల గీతలు పడి ఉన్నాయి. అందరికన్నా వెనక జీవరత్నం పెట్టె మోసుకుంటూ సగం మెట్లు దిగింది. పెద్ద సిస్టర్ చెబుతున్నదంతా అక్కడే నిలబడి వింది.

"కైకలూరు బస్సు ఎళ్ళిపోయుంటదే" అన్నాడు ఏసుపాదం.

"ఇంకోటుంది" అంది జీవరత్నం. పెట్టె మెట్టు మీద దించింది. తరవాత త్రిపురసుందరి గారిని అడిగింది. "అమ్మగారూ, పెట్టె పైనే ఉంచి వెళ్ళొచ్చాండీ? పొద్దున మళ్ళీ మోయాలి కదా."

"మూలకు జరిపి పెట్టమ్మా, ఎవరి కాలికీ తగలకుండా."

వ్యాను వెళ్ళిపోయింది. అందులో జీవరత్నం ఉంది.

వారం తిరిగేసరికి అచ్యుతరామారావు గారు 'విశ్రాంతి ద్వారా ఉత్సాహం' అనే పద్ధతి మీద సర్క్యులరు సైక్లోస్టయిలు చేయించి పంచారు. దాని మీద ప్రసంగించడానికి ఆయన్ను హైదరాబాదు పిలిచారని విన్నాను. వెళ్ళేముందు నా దగ్గరికి వచ్చి, "నర్సులకు నిద్ర ముఖ్యమని నేను మొదటినుంచీ చెబుతూనే ఉన్నాను కదా మాస్టారూ?" అన్నారు. చాలా నిజాయితీగా అడిగారు. అవునన్నాను. ఆయనకు కూడా ఎవరో ఒకరు ధైర్యం చెప్పాలి కదా.

కానీ నాకు గుర్తుండిపోయింది అది కాదు. సభ మర్నాడు పొద్దున, నర్సులు డ్యూటీ దిగి వచ్చే వేళకు నేను మండపం దగ్గరికి వెళ్ళాను. పెరట్లో బాయిలరు కింద పొట్టు రాజుకుంటోంది. శౌరమ్మ గారు గేటు దగ్గరే ఆగి, "ఎంతసేపు పడుకోవచ్చండీ?" అని అడిగారు. "మెలకువ వచ్చేదాకా" అన్నారు త్రిపురసుందరి గారు. పైన గడియ పడింది.

వీధిలో అప్పుడే జానకిరామయ్య గారి లారీ వచ్చి ఆగింది. సూరత్ నుంచి వచ్చిన బట్టల బేళ్ళు. ముఠావాళ్ళు రోజూలాగే లారీ మీద నుంచి బేలును నేలకేసి దబ్బున పడేశారు. వీధి అదిరింది. జానకిరామయ్య గారు కొట్లోంచి బయటికి వచ్చారు. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకునే ఉన్నారు. మండపం వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశారు. తరవాత ముఠామేస్త్రీ దగ్గరికి వెళ్ళి, రుమాలు తీసి, విసుగ్గా, గొంతు తగ్గించి అన్నారు.

"విసరకండ్రా. భుజం మీద దించండి. పైన మనుషులు పడుకున్నారు."